పార్కు చెట్ల మీద కర్బన బేరం: సంతకానికి ముందే ఆగాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పురపాలికల పెద్దలకు, చుట్టుపక్కల ఊళ్ల సర్పంచులకు, వార్డుల్లోని ప్రజలకు ఇది హెచ్చరిక. పార్కుల్లో, ప్రకృతి వనాల్లో, ఊరి పక్క అటవీ బ్లాకుల్లో ఉన్న చెట్లను ‘కర్బన నిల్వ’గా లెక్కగట్టి, ఆ లెక్కను కంపెనీలకు అమ్మి డబ్బు తెచ్చిపెడతామని ఎవరైనా కాగితాలతో వస్తే వెంటనే సంతకం పెట్టకండి. చెట్టు మీదే, నీడ మీదే, వచ్చే డబ్బు అదనం అని నమ్మబలుకుతారు. చెట్టు మనదే ఉంటుంది, నిజమే. కానీ దాన్ని ఏం చేయాలో తేల్చే అధికారం మాత్రం ముప్పై, నలభై, ఒక్కోసారి వందేళ్లపాటు ఒప్పంద పత్రం చేతిలోకి పోతుంది.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2023 జూన్‌లో కేంద్రం కర్బన క్రెడిట్ల వాణిజ్య పథకాన్ని నోటిఫై చేసింది. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నిబంధనలు వచ్చాయి. 2025 అక్టోబరులో సిమెంటుతో సహా కొన్ని పరిశ్రమలకు టన్ను ఉత్పత్తికి ఉద్గారాలు ఇంతకు మించకూడదని లక్ష్యాలు పెట్టారు. మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, పాలకవీడు, దామరచర్ల అంటే సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల నేల. ఒకవైపు పొగ లెక్క చెప్పాల్సిన పరిశ్రమలు, ఇంకోవైపు కాపలా మనిషికి జీతం ఇవ్వడానికే తడుముకునే పురపాలికలు, గ్రామ పంచాయతీలు. ఈ రెంటి మధ్య దళారీ పుట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

ముందు ఆ బేరం ఏమిటో తేటగా తెలుసుకుందాం. ఒక ఫ్యాక్టరీ టన్ను బొగ్గుపులుసు వాయువు వదిలింది. ఎక్కడో చెట్లు అంతే వాయువును పీల్చి కాండంలో, వేళ్లలో దాచుకున్నాయి. ఆ టన్నుకు ఒక క్రెడిట్ రాస్తారు. ఫ్యాక్టరీ దాన్ని కొని తన పద్దులోంచి ఒక టన్ను కొట్టేసుకుంటుంది. గాలిలోకి పోయిన పొగ పోయిందే, కాగితం మీద మాత్రం చెల్లుకు చెల్లు. ఈ చెల్లు న్యాయం కావాలంటే ఒక షరతు తప్పనిసరి: క్రెడిట్ డబ్బు రాకపోతే ఆ చెట్టు అక్కడ ఉండేదే కాదు అని రుజువు కావాలి. ఎలాగూ ఉండే చెట్టును చూపించి అమ్మితే, పీల్చిన వాయువు కొత్తగా ఏమీ ఉండదు. వదిలిన పొగ మాత్రం నిజంగానే ఉంటుంది.

మన పార్కులు సరిగ్గా ఈ షరతు దగ్గరే ఆగిపోతాయి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి ఈ మొక్కలకు గుంతలు తీసింది ప్రజల డబ్బు. నీళ్లు పోసింది పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరు. కంచె వేసింది ఉపాధి హామీ నిధి. ఊరూరా పల్లె ప్రకృతి వనం, మండలానికో పది ఎకరాల బృహత్ ప్రకృతి వనం అన్నది ప్రభుత్వ కార్యక్రమం. ప్రభుత్వం మారి వనమహోత్సవం అని పేరు మారినా, పని ప్రజల ఖజానాదే. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి పురపాలిక తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నర్సరీని, మొక్కల పెంపకాన్ని పంచాయతీ బాధ్యతల్లో చేర్చింది.

చట్టమే పెంచమన్న చెట్టును, ప్రజల డబ్బుతో ఇప్పటికే పెరిగిన చెట్టును ‘మీ క్రెడిట్ లేకపోతే ఇది ఉండేది కాదు’ అని ఎలా చూపిస్తారు? చూపించారంటే రెండింటిలో ఒకటి జరిగినట్టు. కొనేవాడికి అబద్ధం చెప్పి ఉండాలి, లేదా చట్టాన్ని అమలు చేసే ఉద్దేశం మాకు లేదని పురపాలికే రాసిచ్చి ఉండాలి. రెండోదాని మీద మన చైర్‌పర్సన్ సంతకం, కమిషనర్ ముద్ర ఉంటాయి. రేపు ఎవరైనా కోర్టుకు పోతే మొదట చూసేది ఆ కాగితమే.

ఇందులో ఇంకో చిక్కుంది. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన నిల్వను పెంచుతామని పారిస్ ఒప్పందం కింద మన దేశం మాట ఇచ్చింది. సూర్యాపేటలో పెరిగే చెట్టు ఆ జాతీయ పద్దులోకి పోతుంది. అదే చెట్టును ఏదో కంపెనీకి, అందులోనూ విదేశీ కంపెనీకి అమ్మితే ఒకే టన్నును ఇద్దరు తమదని చెప్పుకున్నట్టే. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినవాడిని మన దగ్గర ఏమంటారో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

పోనీ, డబ్బయినా వస్తుందా? లెక్క వేద్దాం. పది ఎకరాల ప్రకృతి వనం అంటే సుమారు 4 హెక్టార్లు. మన రాతి నేలలో, మన వానల్లో, ఉదారంగా హెక్టారుకు ఏటా 10 టన్నులు పీల్చుకుంటుందనుకుందాం. మొత్తం 40 టన్నులు. టన్నుకు 10 డాలర్ల ధర పలికిందనుకున్నా ఏడాదికి 400 డాలర్లు, అంటే సుమారు 35 వేల రూపాయలు. కాపలా మనిషికి నెలకు 10 వేలిచ్చినా ఈ సొమ్ము నాలుగు నెలలకు చాలదు. చెట్ల చుట్టుకొలతలు తీయడానికి, బయటి ఆడిటర్‌ను పిలవడానికి, రిజిస్ట్రీలో నమోదుకు అయ్యే ఖర్చు, మధ్యవర్తి వాటా ఇందులోంచే పోవాలి. ఒక్క పార్కుతో ఈ వ్యాపారం గిట్టదు. అందుకే వందల పార్కులను ఒక మూటగా కట్టాలంటారు. మూట కట్టినప్పుడు ఒప్పందం జిల్లా స్థాయిలోనో రాజధానిలోనో జరుగుతుంది. మీ వార్డు పార్కు అందులో ఉందని మీకు తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి.

ఇప్పుడు ఆ నిల్వను మన పక్కనున్న పొగతో తూచి చూడండి. మిర్యాలగూడ పక్కన దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. దాని కోసం నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమిని మళ్లించారు. ఇలాంటి బొగ్గు కేంద్రం ఒక మెగావాట్ అవర్ కరెంటుకు సుమారు 0.9 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఐదు యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు 3,600 టన్నులు, నిమిషానికి 60 టన్నులు. పది ఎకరాల వనం ఏడాదంతా కష్టపడి పీల్చేది ఆ పొగగొట్టాలకు నలభై సెకన్ల పని. అలాంటి వనాలు వంద కలిపినా గంటకు కాస్త ఎక్కువ. ఆ కేంద్రం క్రెడిట్లు కొంటోందని దీని అర్థం కాదు. పొగను పార్కులతో కడిగేయవచ్చన్న ఆలోచన ఏ కొలతకూ నిలవదని చెప్పడానికే ఈ లెక్క.

తెలుగు నేలకు ఈ బేరం కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందటే చూశాం. 2003లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళలు కానుగ నూనె ద్వారా తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల పుట్టిన ఉద్గారాలకు బదులుగా బ్యాంకు ఆ లెక్క కొన్నది. వచ్చింది 645 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 30 వేల రూపాయలు. అయినా అక్కడ మూడు మంచి సంగతులున్నాయి. డీజిల్ వాడకాన్ని నిజంగా తగ్గించే కానుగ నూనె ఉంది, అమ్మింది గూడెం మహిళలే, డబ్బు వాళ్ల సంఘానికే చేరింది.

కోదాడకు సరిహద్దు జిల్లా అయిన ఖమ్మంలో ఐటీసీ సామాజిక అటవీ పథకం 2009లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. సారం పోయిన సుమారు 3,070 హెక్టార్ల రైతు భూముల్లో చెట్ల పెంపకం అది. రైతుకు అసలు ఆదాయం భద్రాచలం కాగితం మిల్లుకు అమ్మే కలప నుంచి వస్తుంది. 2010 తర్వాత అరకులో నాంది ఫౌండేషన్, యూరప్ కంపెనీల పెట్టుబడితో నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి గిరిజన రైతుల భూముల్లో పండ్ల మొక్కలు, కాఫీకి నీడనిచ్చే చెట్లు నాటించాయి. క్రెడిట్లు కంపెనీలకు, పండూ కాఫీ రైతుకు.

ఈ పథకాల మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సిన తేడా ఒక్కటే. ఖమ్మం, అరకు పథకాలు చెట్లు లేని చోట, రైతు సొంత భూమిలో, రైతు ఒప్పుకోలుతో మొదలయ్యాయి. మన ముందుకు రాబోయేది ఇప్పటికే చెట్లున్న ఉమ్మడి భూమి. పైగా ఐక్యరాజ్యసమితి పథకం కూడా అడవి క్రెడిట్లను శాశ్వతమైనవిగా ఒప్పుకోలేదు. చెట్టు కాలవచ్చు, కూలవచ్చు, నరికేయవచ్చు కాబట్టి వాటికి కాలపరిమితి పెట్టి తాత్కాలిక క్రెడిట్లుగా ఇచ్చింది. యూరప్ కర్బన మార్కెట్టయితే ఆ క్రెడిట్లను గుమ్మం తొక్కనివ్వలేదు.

కాపాడిన అడవినే అమ్మితే ఏమవుతుందో అమెరికా చూపించింది. మసాచుసెట్స్‌లో పక్షుల సంరక్షణకు పేరున్న మాస్ ఆడుబాన్ సంస్థ తాను కాపాడుతున్న 9,700 ఎకరాల అడవిని కాలిఫోర్నియా కర్బన పథకంలో చేర్చింది. ఈ పథకం లేకపోతే భారీగా చెట్లు నరికే వీలుందన్నట్టుగా లెక్క వేసి ఆరు లక్షలకు పైగా క్రెడిట్లు పొందింది. వచ్చింది సుమారు 60 లక్షల డాలర్లు. పక్షుల కోసం అడవి కాపాడే సంస్థ అడవి నరుకుతుందా అని 2021లో పాత్రికేయులు అడిగారు. నిబంధనల ప్రకారమే చేశామని సంస్థ చెప్పింది. ఆ జవాబే అసలు సంగతి బయటపెడుతుంది: నిబంధనలన్నీ పాటించి కూడా లేని ముప్పును చూపించి అమ్ముకోవచ్చు. అదే ఏడాది ఒరెగాన్‌లో బూట్‌లెగ్ కార్చిచ్చు క్రెడిట్లు అమ్ముడైన అడవులను కూడా కాల్చేసింది. 2023 జనవరిలో గార్డియన్ పత్రిక, జర్మనీకి చెందిన డీ జైట్ వారపత్రిక, సోర్స్ మెటీరియల్ సంస్థ కలిసి ప్రపంచంలోనే పెద్ద ధ్రువీకరణ సంస్థ అయిన వెరా లెక్కలను తిరగేశాయి. వర్షారణ్యాల మీద ఇచ్చిన క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపును చూపించేవి కావని రాశాయి. వెరా ఆ అంచనాను ఖండించింది. అయినా కొనేవాళ్ల నమ్మకం సడలింది.

మన దేశపు అనుభవం కూడా ధైర్యం చెప్పేలా లేదు. అడవి మళ్లించినప్పుడు బదులుగా చూపాల్సిన అటవీయేతర భూమిలో 27 శాతమే అందిందని, చూపాల్సిన మొత్తం భూమిలో మొక్కలు నాటింది 7 శాతంలోనే అని 2013లో కాగ్ నివేదిక బయటపెట్టింది. ‘ఇక్కడ పోతే అక్కడ వస్తుంది’ అన్న మాటకు మన దగ్గరున్న రికార్డు అది. గ్రీన్ క్రెడిట్ పథకంలో 2024 ఫిబ్రవరి పద్ధతి ప్రకారం క్షీణించిన అటవీ భూమిలో హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు నాటితే, ఆ క్రెడిట్లను వేరే చోట అడవి మళ్లించినందుకు చెల్లించాల్సిన బాకీ కింద చూపుకోవచ్చన్నారు. విమర్శలొచ్చాక 2025 ఆగస్టులో పద్ధతిని సవరించి, ఐదేళ్లు ఆగి చెట్ల గొడుగు 40 శాతం ఉంటేనే క్రెడిట్ అన్నారు. సవరణ మంచిదే. కానీ ‘క్షీణించిన’ అన్న ముద్ర ఎవరు వేస్తారన్న ప్రశ్న అలాగే ఉంది.

సూర్యాపేట జిల్లా రాష్ట్రంలో అడవి అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటి. చివ్వెంల మండలంలో ఉండ్రుగొండ గుట్టల మీద ఉన్నది ఆకాశాన్నంటే అడవి కాదు. రాళ్ల మధ్య సీతాఫలం, మోదుగ, రేగు, తంగేడు, చిల్ల. కాగితం మీద అది ‘పొదల భూమి’, ‘క్షీణించినది’. అక్కడ సీతాఫలాలు ఏరుకొచ్చి హైవే పక్కన బుట్ట పెట్టుకునే అమ్మకు, గొర్రెలు తోలుకుపోయే గొల్లకుర్మలకు, గుట్టల్లో తిరిగే నెమలికి అది నిండు అడవే. పక్కనే దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు లక్షల మంది వస్తారు. గొర్రెల కాపరుల దేవుడి ఊరి పక్కన మేత ఆపేస్తూ ఒప్పందం రాసుకుంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

కర్బనాన్నే లెక్కపెట్టేవాడికి సీతాఫలం పొద కంటికి ఆనదు. త్వరగా లావెక్కే చెట్టే అతనికి ముద్దు. అప్పుడు జేసీబీతో పొదలు లేపి, ఒకే రకం మొక్కలు బారులు తీర్చి నాటుతారు. కోనోకార్పస్ కథ మరిచిపోకూడదు. త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా కనబడుతుంది అని డివైడర్ల మీద, పార్కుల్లో విచ్చలవిడిగా నాటారు. చివరికి 2022లో ప్రభుత్వమే ఇక నాటొద్దనాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ అప్పుడు ప్రభుత్వానికి ఉంది. అదే కోనోకార్పస్ మీద క్రెడిట్ ఒప్పందం ఉండి ఉంటే, తీసేసిన ప్రతి చెట్టుకూ పరిహారం లెక్క వచ్చేది.

గడువు సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పాలకవర్గం కాలం ఐదేళ్లు. ఒప్పందం ముప్పై నుంచి వందేళ్లు. పన్నెండో ఏట రోడ్డు విస్తరణ రావచ్చు, నీళ్ల ట్యాంకు కట్టాల్సి రావచ్చు, గాలివానకు చెట్లు కూలవచ్చు. అప్పుడు అమ్మేసిన టన్నులకు జవాబు చెప్పాల్సింది ఎవరు? వాటా తీసుకున్న మధ్యవర్తి అప్పటికి ఉంటాడన్న హామీ లేదు. చెట్ల పేరుతో వసూళ్లు చేసినవాళ్లు బోర్డు తిప్పేయడం తెలుగువాళ్లకు తెలియంది కాదు. తొంభైల్లో టేకు మొక్కల మీద డబ్బు పెట్టమని ఊరూరా ప్రకటనలు వచ్చాయి. చెన్నైకి చెందిన అనుభవ్ ప్లాంటేషన్స్ 1998లో కూలిపోయి వేల కుటుంబాల పొదుపు మునిగింది. ఆ రోజు పోయింది సొంత డబ్బు. ఈసారి పణంగా పెట్టేది ఊరి ఉమ్మడి ఆస్తి.

ఆ ఆస్తికి పాలకవర్గం యజమాని కాదు. తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త. ధర్మకర్త కాపాడగలడు, బాగు చేయగలడు, తన ఇష్టానికి రాసివ్వలేడు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు నేలకూలుతుంటే సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పనులు ఆపించింది. కానీ అప్పటికే కొన్ని రోజుల్లోనే ఎంతో పచ్చదనం పోయింది. నష్టం జరిగాక వచ్చే తీర్పుకన్నా ముందు వేసే ప్రశ్న మేలు.

పార్కులకు డబ్బు కావాలి కదా అన్న మాట న్యాయమైనదే. వేసవిలో నీళ్లు లేక ఎండిన మొక్కలు, విరిగిన కంచె, తాళం వేసిన ప్రకృతి వనం మనకు కొత్త కాదు. కానీ డబ్బు దారులు ఉన్నాయి. పురపాలికల్లో 10 శాతం హరిత బడ్జెట్ ఉంది. ఉద్యోగుల జీతాల నుంచి, రిజిస్ట్రేషన్ల నుంచి కూడబెట్టే హరిత నిధి ఉంది. అడవి మళ్లింపు బాకీల కింద 2019లో కేంద్రం రాష్ట్రానికి 3 వేల కోట్లకు పైగా కంపా నిధులు ఇచ్చింది. సిమెంటు కంపెనీలు సామాజిక బాధ్యత నిధి నుంచి పార్కుకు బోరు వేయిస్తే సంతోషమే, బదులుగా టన్నుల లెక్క అడగకుండా ఉంటే చాలు.

ఉద్గారాలు నిజంగా తగ్గించి డబ్బు తెచ్చుకోవాలంటే చెత్తకుప్ప వైపు చూడాలి. తడి, పొడి చెత్త వేరు చేయడంలో సూర్యాపేట ఒకప్పుడు దేశానికే పాఠం చెప్పిన పట్టణం. డంపు యార్డులో కుళ్లే తడి చెత్త నుంచి లేచే మీథేన్‌ను ఆపితే అది కొలవగల తగ్గింపు, దానికి పార్కును తాకట్టు పెట్టే పని లేదు.

అందుకే మూడు పట్టణాల పాలకవర్గాలను, జిల్లా కలెక్టర్లను, అటవీ శాఖను కోరుతున్నది ఇది:

1. పార్కులు, ప్రకృతి వనాలు, అటవీ బ్లాకుల మీద కర్బన క్రెడిట్, గ్రీన్ క్రెడిట్ ప్రతిపాదన ఏది వచ్చినా పూర్తి పత్రాన్ని తెలుగులో కార్యాలయం గోడ మీద, వార్డు సభలో, గ్రామసభలో పెట్టాలి.

2. గ్రామసభ, పాలకమండలి సభల్లో విడిగా తీర్మానం లేనిదే ఒప్పందం చెల్లదని రాయాలి. ప్రత్యేకాధికారి ఒక్క సంతకంతో ఇలాంటి పని జరగకూడదు.

3. ప్రభుత్వ ఖర్చుతో ఇప్పటికే నాటిన చెట్లను, చట్టప్రకారం నాటాల్సిన చెట్లను ఏ క్రెడిట్ లెక్కలోనూ చూపకూడదు.

4. కొనేవారెవరు, టన్ను ధర ఎంత, మధ్యవర్తి వాటా ఎంత, చెట్టు పోతే బాకీ ఎవరిది అన్న నాలుగింటికి జవాబు లేని పత్రాన్ని తిప్పి పంపాలి.

5. మేత, సీతాఫలాలు, నడకదారి, జాతర దారి, తండాల అటవీ హక్కులు ఒప్పందం వల్ల తగ్గవని ముందే రాతపూర్వకంగా హామీ ఉండాలి.

6. ఉండ్రుగొండ లాంటి పొదల అడవులకు ‘క్షీణించినది’ అని ముద్ర వేసే ముందు అక్కడ ఏమేం మొలుస్తున్నాయో, ఎవరు బతుకుతున్నారో సర్వే చేసి బయటపెట్టాలి.

పాఠకులకు ఒక మాట. మీ వార్డు పార్కు ఏదైనా ఒప్పందంలో ఉందా అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఎవరైనా అడగవచ్చు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఒప్పందం నకలు, పాలకవర్గ తీర్మానం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. వచ్చిన జవాబును వార్డు సభలో గట్టిగా చదవండి. సంతకం పడ్డాక న్యాయవాది కావాలి, పడకముందు ఒక దరఖాస్తు చాలు. ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టండి.